గోడలో రంగేల్

సత్రం తలుపు తీయగానే దిమాన చేసే మొదటి పని, ఉత్తరపు గోడ గూట్లో ఒక రొట్టె ముక్క పెట్టడం. ఆ గోడలో ఆమె మొగుడు రంగేల్ ఉన్నాడు. ఆ కొండ ఊళ్లో ఎవరినడిగినా అదే చెబుతారు. తుర్కుల నాటి ఆ రాతి సత్రాన్ని చూడ్డానికి రాజధాని సోఫియా నుంచి బస్సుల్లో దిగేవాళ్లకు దిమాన కూడా ఆ సంగతి చెప్పేది, కూరగాయల ధర చెప్పినట్టు.

టికెట్లమ్మే పెన్కాకి ఇదంతా వేళాకోళం. "ఏం దిమానక్కా, మీ ఆయన రాత్రి బాగా నిద్రపోయాడా?" అని రోజూ అడిగేది.

"ఆ, పడుకున్నాడు," అని దిమాన చీపురు అందుకునేది. నవ్వూ రాదు, ఏడుపూ రాదు. ఎన్నో ఏళ్లుగా ఆమెకు ఏదీ రావడం లేదు.

ఒకప్పుడు సత్రాన్ని బాగుచేసేటప్పుడు ఆ గోడ కట్టిందల్లా కూలిపోతుంటే, పెద్ద మేస్త్రీ త్సోన్కో పాత పద్ధతికి దిగాడు. రంగేల్‌తో సహా పనివాళ్లంతా అక్కడే పడుకునేవాళ్లు. పొద్దున్నే బయటి నుంచి మొదట వచ్చిన మనిషి నీడను, ఆ మనిషికి తెలియకుండా దారంతో కొలిచి, దారాన్ని రాళ్ల మధ్య పెట్టి కట్టేస్తారు. గోడ నిలుస్తుంది. ఆ మనిషి నలభై రోజుల్లో పోయి, కట్టడానికి కాపలా దయ్యమవుతాడు.

రోజూ మొదట వచ్చేది దిమానే, మొగుడికి రొట్టె, జున్ను పట్టుకుని. ఆ రోజు మాత్రం ఆమెకు మెలకువ రాలేదు. చూసి చూసి రంగేలే ఇంటికొచ్చాడు. "పడుకోవే, నేనే పట్టుకుపోతాలే," అని దుప్పటి సరిచేసి, మూట తీసుకుని వెళ్లాడు. గోడ నిలిచింది. నెల తిరక్కుండా రంగేల్ పోయాడు. వేళకు లేచి ఉంటే పోవలసింది తానేనని దిమాన నమ్మకం. ఆయన్ని ఒంటరిగా వదలలేక, సత్రంలో ఊడ్చే పని అడిగి మరీ పెట్టించుకుంది.

ఇప్పుడా గోడకు చెమ్మ పట్టింది, విప్పి కట్టాలన్నారు. దారం బయటపడితే దయ్యానికి విడుదల, రంగేల్ వెళ్లిపోతాడు. విప్పొద్దని దిమాన కనబడ్డ అధికారినల్లా బతిమాలింది. ఎవరూ వినలేదు. కనీసం దారమైనా తన చేతికివ్వమని, గోడ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ముసలి త్సోన్కో కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

పునాది దాకా విప్పారు. దారం లేదు.

"ఇంకా కింద ఉందేమో చూడండయ్యా," అంది దిమాన.

"ఉండదు చెల్లెమ్మా," అన్నాడు త్సోన్కో. "కొలిచిన మాట నిజమే. పనివాళ్ల భయం తీరాలి కదా. తీరా చూస్తే వచ్చింది మనవాడు. చేతులెలా వస్తాయి? దారం పొయ్యిలో పడేసి, పునాది ఇంకాస్త లోతుగా తవ్వించా. గోడ నిలిచింది."

"మరి ఆయన?"

"సున్నం దుమ్ము వాడి ఊపిరితిత్తుల్ని తినేసింది. నీతో చెప్పొద్దన్నాడు."

"ఇన్నేళ్లలో నువ్వైనా చెప్పకపోయావా అన్నయ్యా?"

"ఏమని చెప్పను? ఆ రొట్టె పెట్టడానికైనా పొద్దున్నే లేస్తున్నావు కదా."

తన తప్పు లేదని తెలిసినా దిమాన ప్రాణం తేలికపడలేదు. తప్పుతో పాటు మొగుడూ చెయ్యి జారిపోయాడు. పీట తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు అలవాటు కొద్దీ రొట్టె తెచ్చింది. పెట్టడానికి గూడు లేదు. గోడ ఉన్నచోట తాడు కట్టారు, దాని అవతల కొండ కనిపిస్తోంది. దిమాన ఒక రాయి మీద కూర్చుని ఆ ముక్క తానే తిన్నది. ఉప్పు ఎక్కువైంది. ఎన్నాళ్ల నుంచి ఇంత ఉప్పు వేస్తోందో ఆమెకే తెలియదు.

"ఏం దిమానక్కా, గోడ లేదు కదా, మీ ఆయన రాత్రి ఎక్కడ పడుకున్నాడు?" అంటూ నవ్వుతూ వచ్చింది పెన్కా.

"ఆయన చచ్చిపోయాడే."

దిమాన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. పెన్కా నవ్వు ఆగిపోయింది. ఏమనాలో తోచక, "ఎప్పుడక్కా?" అని అడిగేసింది.

"నిన్న," అంది దిమాన.