ఒళ్లంతా బొక్కలే

నేను చెప్పేవాటిలో సగానికి సగం కోతలేనని తాండూరు బస్టాండులో ఎవరినడిగినా చెబుతారు. ఇది మాత్రం కోత కాదు. మా అమ్మ విరిగిన తుంటి మీద ఒట్టు, ప్రతి మాటా నిజం.

అమ్మ తాండూరులో మా ఇంటి ముందు తడి బండల మీద జారిపడింది. వికారాబాద్‌లో ఒక ఆసుపత్రికి తెచ్చాం. అక్కడి డాక్టరమ్మ కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. అమ్మతో మాట్లాడి, నన్ను పక్కకు పిలిచింది.

"పడ్డప్పుడు తలకేమైనా తగిలిందా? మాటల్లో తేడా కనిపిస్తోందండీ."

తుంటి విరిగితే అతికిస్తారు. మతి పోతే ఏం చేస్తారు?

"ఏమన్నది మేడం?"

"ఒళ్లంతా బొక్కలు నొస్తున్నాయంటున్నారు."

"నొస్తయి గద మేడం. ముసలి బొక్కలాయె."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీకూ ఉన్నాయా?"

"నాకెందుకుండయి? మీకు సుత ఉంటయి."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. మంచం మీంచి అమ్మ అరిచింది: "ఏమంటున్నదిరా ఆ బిడ్డ? బొక్క అతుకుతదంటనా?"

అప్పుడు వెలిగింది నాకు. వాళ్ల వైపు బొక్క అంటే రంధ్రం! "మేడం, మా దిక్కు బొక్క అంటే ఎముకనే" అన్నాను. ఇద్దరం కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాం.

ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాక ఆమె నవ్వు ఆగిపోయింది.

"రెండు అర్థాలూ నిజమేనండీ. ఎముక బాగా గుల్లబారింది. ఇలాంటి పెద్దవాళ్లలో మతిమరుపు కూడా తరచు కనిపిస్తుంది. రెండూ ఎందుకు కలిసొస్తాయో ఇంకా పూర్తిగా తేలలేదు. ఈమధ్య ఏమైనా మరిచిపోతున్నారా?"

మొన్న వానాకాలంలో అమ్మ తాండూరులో దిగాల్సింది, దానికి ముందొచ్చే ధారూర్‌లోనే రైలు దిగి, మా గల్లీ కోసం అక్కడంతా వెతికింది. టీసీతో కొట్లాడి దిగిపోయిందని అందరికీ కథ కట్టి చెప్పాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మాను.

"ఏం లేదు మేడం" అన్నాను.

ఆమె నా మాట పట్టించుకోకుండా మంచం దగ్గరికి వెళ్లింది. "ఈయనెవరమ్మా?"

అమ్మ నా వైపు చూసింది.

"నా కొడుకే. అబద్ధాల పుట్ట" అంది.

ఒట్టు వేశాను గనక చెప్పక తప్పదు. ఆ జవాబు నేను కల్పించింది. అమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "అన్నా, జర చూడు, నా కొడుకు బయట నిలబడ్డడేమో. గిసొంటివి చూస్తే భయపడుతడు వాడు. లోపలికి పిలువు" అంది.

పిలుస్తానని చెప్పి, బయటికి నడిచాను.