ఇంగ్లీషు రాని వదిన

మా వదినకి ఉల్లిపాయ తరగడం రాదు. ఆడపడుచు ఎత్తిపొడుస్తోందని అనుకునేరు, కాదు, కళ్లారా చూసి చెబుతున్నాను. ఆవిడ కత్తి పట్టుకుంటే పక్కవాళ్లు వేళ్లు దాచుకోవాల్సిందే. అలాంటి మనిషిని మా దీవి బడిలో, నా వంటింట్లో, నాకు సాయంగా కూర్చోబెట్టారు. ఆ బడికి నేను వంటమనిషిని. ఆవిడ అదే బడిలో ఇంగ్లీషు టీచరు.

ఇదేం చోద్యం అంటారా? సముద్రం అవతలి దేశాల నుంచి చదువుకున్న పిల్లల్ని తెచ్చి, మాలాంటి దీవుల్లో ఉచితంగా ఇంగ్లీషు చెప్పించే సంస్థ ఒకటుంది. వచ్చేవాళ్లతో పాటు బడికి బెంచీలు, పైకప్పుకి రేకులు కూడా ఇస్తారు. కాకపోతే ఇంగ్లీషు టీచరు లేని బడికే ఇస్తారు. మా రేకులు చూస్తే అన్నీ చిల్లులే. వాన పడితే పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని పాఠం వినేవారు. హెడ్‌మాస్టారు బాగా ఆలోచించి, మాకు ఇంగ్లీషు టీచరు లేరని చెప్పేశారు.

"మూడు నెలలేనమ్మా. ఆ అమ్మాయి ఉన్నన్నాళ్లూ మీకు ఇంగ్లీషు ముక్క రాదనుకోండి. పైకప్పు కోసం తప్పదు" అని వదిన ముందు చేతులు నలుపుకున్నారు.

నాకు ఒళ్లు మండింది. "ఆ వేషమేదో మీరే వెయ్యండి మాస్టారూ, గిన్నెలు తోమేవాళ్లు లేక చస్తున్నాను" అన్నాను. ఆయన నా వైపు చూస్తే ఒట్టు.

"మా పాప ఈ ఏడే ఒకటో తరగతిలో చేరింది. దానికి మొదటి పాఠం నేనే చెప్పుకోవాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను" అంది వదిన.

"ఆ అమ్మాయి వెళ్లిపోయాక మీరే చెబుదురుగాని" అన్నారాయన. ఆవిడ సరేనంది. మా వదిన అంతే, ఎవరికీ కాదనలేదు.

ఆ అమ్మాయి పడవ దిగుతూనే గొడుగు విప్పింది. ఎండలోనే కాదు, మబ్బు పట్టినా దించేది కాదు. నేను గొడుగమ్మ అని పేరు పెట్టాను. తిట్టుకుందామంటే ఒక్క వంకా దొరకలేదు. పిల్లల ముక్కులు తుడిచేది, వాళ్లతో సమానంగా గెంతేది. వదినని టీచర్ అని పిలవకూడదని పెద్ద తరగతుల పిల్లలకి ముందే చెప్పి ఉంచారు. వాళ్లు భోజనాలకి వచ్చి ఆవిడ ముందు తల దించుకుని కంచం చాపేవారు. ఒకటో తరగతి వాళ్లు కొత్తవాళ్లు, వాళ్లకేం తెలుసు? వాళ్ల లెక్కలో వదిన అన్నం పెట్టే ఆంటీ. పాప మాత్రం తల్లి చెప్పొద్దంది కాబట్టి నోరు మెదపలేదు.

ఒకరోజు గొడుగమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, వదినని చూపిస్తూ హెడ్‌మాస్టారికి గబగబా ఏదో చెప్పింది. "ఏమంటోంది వదినా, ఈ మహాతల్లి?" అని గొణిగాను.

వదిన గుమ్మడికాయ మీద నుంచి తలెత్తలేదు. "నా కళ్లలో తెలివి కనిపిస్తోందట. చదువుకుని ఉంటే బాగుపడేదాన్నట."

నేను ఫక్కున నవ్వాను. వదిన నవ్వలేదు. ఆవిడ చెవులు ఎర్రగా అయిపోయాయి. అప్పుడు నాకూ సిగ్గేసింది.

మర్నాటి నుంచి గొడుగమ్మ మధ్యాహ్నాలు వంటింటి మెట్టు మీద కూర్చుని, వదినకి ఇంగ్లీషు నేర్పడం మొదలుపెట్టింది. నీళ్లు చూపించి ఒక మాట, నిప్పు చూపించి ఒక మాట. వదిన నత్తినత్తిగా పలికితే చప్పట్లు కొట్టేది.

"కాస్త తొందరగా నేర్చుకుని చావరాదూ, చూడలేకపోతున్నాను" అన్నాను ఓసారి.

"తొందరగా వస్తే అనుమానపడుతుంది. రాకపోతే తన పాఠమే బాగాలేదని బాధపడుతోంది. నన్నేం చెయ్యమంటావు?" అంది వదిన.

కొత్త రేకులు వేశారు. గొడుగమ్మ వెళ్లే ముందు రోజు తల్లిదండ్రులందరినీ పిలిచి సభ పెట్టారు. నాలుగు బల్లలు జోడించి వేదిక చేశారు. ఎవరూ అనుకోలేదు, గొడుగమ్మ గబగబా వచ్చి వదిన చెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్లింది. నేర్చుకున్నది అందరికీ వినిపించమంది. హెడ్‌మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. వదిన చక్కగా మాట్లాడితే ఆయన అబద్ధం బయటపడి రేకులు ఊడదీసుకుపోతారు. తడబడితే ఇన్నాళ్లూ చదువు చెప్పిన పిల్లల ముందు, కడుపున పుట్టినదాని ముందు పరువు పోతుంది.

వదిన తడబడింది. తన పేరు చెప్పి, ఆగి, నేల చూపులు చూసి, తను వంట చేస్తానని ముక్కలు ముక్కలుగా చెప్పింది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో ఒకటో తరగతి పిల్లలందరూ గొల్లుమన్నారు. పాప నవ్వలేదు, నవ్వేవాళ్లనే చూస్తూ కూర్చుంది. గొడుగమ్మ వదినని కావలించుకుని ఏడ్చేసింది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, సిగ్గులేకుండా.

ఇంటికొచ్చాక వదిన ఎంతసేపటికీ మొహం కడుక్కుంటూనే ఉంది. "నటించానని అనుకుంటున్నావా? పైకి ఎక్కాక నిజంగానే నాకు ఒక్క మాటా గుర్తు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను" అంది.

గొడుగమ్మ వెళ్లిపోయింది. సోమవారం వదిన ఉతికిన బట్టలు కట్టుకుని, జడ బిగించి వేసుకుని ఒకటో తరగతికి బయల్దేరింది. పాపకి తల్లి చెప్పే తొలి పాఠం కదా, నేనూ పొయ్యి తగ్గించి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను.

వదిన గదిలో అడుగు పెట్టగానే పిల్లలందరూ సంచుల్లోంచి కంచాలు తీసి ముందు పెట్టుకున్నారు.

వదిన నవ్వబోయింది. "కంచాలు లోపల పెట్టండి. ఇవాళ్టి నుంచి మీకు ఇంగ్లీషు నేను చెబుతాను" అని బోర్డు వైపు తిరిగింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు బెంచీలోంచి పాప లేచి, వెళ్లి తల్లి కొంగు పట్టుకుని లాగింది. ఎవరికీ వినబడకూడదని మెల్లిగానే అంది గానీ, కిటికీ దగ్గరున్న నాకు వినబడింది.

"వద్దమ్మా. నీకు నిజంగానే రాదుగా, మళ్లీ నవ్వుతారు. వంటింట్లోకి వెళ్లిపో."

వదిన అక్కడే నిలబడిపోయింది. నేను వచ్చేశాను. ఏ మొహం పెట్టుకుని చూస్తూ నిలబడను?