కత్తెర ఆగిన చోట

నా రెండో నవలలో ఒక దయ్యం ఉంది. దాన్ని నేనే తయారు చేశాను. పొద్దున పూట టీ తాగుతూ, దాని జుట్టు ఎంత పొడుగుండాలి, అది ఎప్పుడు నవ్వాలి అని ఆలోచించి మరీ తయారు చేశాను. అది చదివిన తొమ్మిదో తరగతి పిల్లలు చీకటి పడితే బాత్రూంకి ఒంటరిగా పోవడం లేదని నాకు వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. దయ్యాలను వండి వడ్డించేదాన్ని, వాటికి నేను భయపడడమేమిటి? నమ్మకం మాట దేవుడెరుగు, నాకు నవ్వొస్తుంది. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో దయ్యం లేదు. ఉంటే బాగుండేది. కనీసం తిట్టుకోవడానికి ఒకటి దొరికేది.

మాది కోరుట్ల దగ్గర ఊరు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసు పిల్లల కోసం నవలలు రాస్తాను. ఊళ్ళో చాలామందికి నా పని ఏమిటో ఇప్పటికీ అర్థం కాదు. ఇంట్లోనే ఉంటుంది, ఏదో రాసుకుంటుంది, పెండ్లి మాటెత్తితే కసురుకుంటుంది. వాళ్ళకు తెలిసింది అంతే, అదీ నిజమే.

పొద్దున నల్లా నీళ్ళు పట్టేసి రాయడానికి కూచుంటాను. ఎండెక్కేదాకా రాస్తాను. సాయంత్రం గ్రంథాలయం నుంచి తెచ్చుకున్నది చదువుకుంటాను. ఈ రెంటికీ మధ్య, అన్నం తిన్నాక, అసలు పని. పొద్దున రాసింది మా అరుగు మీద బీడీలు చేసే ఆడవాళ్ళకు చదివి వినిపిస్తాను.

మా అవ్వ, అంటే మా అమ్మ, చిన్నప్పటి నుంచీ బీడీలు చేస్తుంది. బాపు పోయాక మమ్మల్ని సాకింది ఆమె ఒళ్ళోని బీడీల చాటే. పక్కిళ్ళ వాళ్ళు కూడా మా అరుగు మీదికే చాటలు పట్టుకొని వస్తారు. తునికాకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, దారం కట్టడం. చేతులకు పని, చెవులు ఖాళీ. ఆ చెవులు నాకు కావాలి.

నేను చదువుతున్నంతసేపూ కత్తెర్లు కచకచలాడుతూనే ఉంటాయి. కథ బాగాలేకపోతే ఆ చప్పుడు పెరుగుతుంది. బాగుంటే తగ్గుతుంది. నిజంగా పట్టుకుంటే, కత్తెర్లు ఆగిపోతాయి. బీడీలు చేసే మనిషి చెయ్యి ఆపిందంటే మామూలు సంగతి కాదు, ఆగిన చేతికి కూలి లేదు. అందుకే నేను సమీక్షలు నమ్మను, కత్తెరను నమ్ముతాను. చదివేది ఫోన్‌లో రికార్డు చేసుకొని, పొద్దు గూకాక మళ్ళీ విని, కత్తెర ఎక్కడ ఆగిందో అక్కడ కాగితం మీద గీత పెట్టుకుంటాను.

అప్పుడు అరుగు మీద నలుగురు ఉండేవాళ్ళు. అవ్వ, మా ఎదురింటి నర్సవ్వ పెద్దమ్మ, ఆమె కోడలు సుగుణ వదిన, పక్కింటి స్వప్న. స్వప్న అందరికంటే చిన్నది, ఇంటర్ చదివింది. ఆమె భర్త గంగాధర్ దుబాయిలో డ్రైవర్. ఆ నెలలో సెలవు మీద వచ్చి ఉన్నాడు. నెమ్మదస్తుడు. మా అందరికీ ఖర్జూరాలూ తలా ఒక సబ్బూ పంచాడు. అవ్వను "పెద్దమ్మా" అని పిలిచి కాళ్ళు మొక్కాడు. అట్లాంటి అల్లుడు దొరకాలె అని నర్సవ్వ పెద్దమ్మ నన్ను చూసి రెండుసార్లు నిట్టూర్చింది.

ఆ రోజు చదివిన అధ్యాయంలో ఏమీ లేదు. మౌనిక అనే పదిహేనేళ్ళ పిల్ల రొట్టెల పిండి పిసుకుతూ ఉంటుంది. వాళ్ళ బాపు ఆమె ఫోన్ తీసి బీరువాలో పెడతాడు. ఆ పిల్ల ఏమీ అనకుండా పిండి పిసుకుతూనే ఉంటుంది. అంతే. చప్పగా ఉందని నాకే అనుమానం.

పిండి దగ్గరికి వచ్చేసరికి కత్తెర్లు ఆగిపోయాయి. ఒకటి కాదు, నాలుగూ.

నాకు ఒళ్ళు పొంగింది. ఒట్టి పిండి పిసికే సంగతితో నలుగురిని కట్టిపడేశానని మురిసిపోయి, తలెత్తకుండా ఇంకా నెమ్మదిగా చదివాను. ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించింది. అధ్యాయం అయిపోయాక తలెత్తి చూస్తే సుగుణ వదిన అరుగు అంచున వంగి కక్కుకుంటోంది. స్వప్న ముఖం తెల్లగా పాలిపోయింది.

"నీ పాడుగాను! గంత ఘోరం ఎందుకు రాసినవే?" అంది అవ్వ. "పోరగాండ్లు సదివే బుక్కా గది?"

పిండి పిసకడంలో ఘోరమేముందే అన్నాను. నర్సవ్వ పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, నా నోట విన్నదంతా నాకే తిరిగి చెప్పింది. తక్కినవాళ్ళు తలూపారు, మధ్యలో అందుకున్నారు. నలుగురూ ఒకటే విన్నారు.

వాళ్ళు విన్నదాంట్లో మౌనిక లేదు. పెండ్లయిన ఒక ఆడమనిషి ఉంది. పట్టపగలు మొగుడు ముందు తలుపుకు లోపల తాళం వేసి, టీవీ సౌండు పెంచుతాడు. ఆమె జుట్టు చేతికి చుట్టుకొని ముఖాన్ని వంటింటి బండకేసి కొడతాడు. నోట్లోని పండ్లు రాలి బండ మీద పడతాయి. ఫోన్ ఛార్జర్ తీగ మెడకు బిగిస్తాడు. ఆమె ఎట్లాగో విడిపించుకొని వెనక తలుపు దగ్గరికి పాకుతుంది. ఆ తలుపు గడియ తుప్పు పట్టి ఉంది, రాదు. రెండు చేతులతో గుంజినా రాదు. వెనక నుంచి రోకలి తల మీద పడుతుంది. పడుతూనే ఉంటుంది. అక్కడే చచ్చిపోతుంది.

నాకు మొదట వచ్చింది భయం కాదు, రోషం. నేను రాసింది వదిలేసి వీళ్ళు ఇంకెవరో రాసింది వింటారా! ఆట పట్టిస్తున్నారనుకొని కాగితాలు స్వప్న చేతిలో పెట్టాను. ఆమె మొత్తం చదివింది. పిండి, బాపు, బీరువా. మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఫోన్‌లో రికార్డు పెట్టాను. నా గొంతు రొట్టెల పిండి గురించే చదువుతోంది. కానీ పిండి దగ్గర కత్తెర్లు ఆగిపోవడం అందులో ఉంది. స్వప్న వెక్కిళ్ళూ ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే వినిపిస్తాను.

సాయంత్రం స్వప్న ఒక్కతే వచ్చింది.

"అక్కా, మా ఎన్క తలుపు గడియ తుప్పు వట్టిందని నీకెట్ల ఎరుక?"

నాకెట్లా తెలుస్తుంది? వాళ్ళ పెరట్లోకి నేనెన్నడూ పోలేదు. "నేను రాయలే స్వప్నా, సదవలే. నువ్వే చూసినవు కదా," అన్నాను. "ఆయన నిన్ను కొడతడా?" అని కూడా అడిగాను. తల అడ్డంగా ఊపింది. పెండ్లయినప్పటి నుంచీ ఒక్కసారి చెయ్యెత్తలేదంది. అది అబద్ధం కాదు. ఆ రోజు దాకా అంతేనని ఇప్పుడు కూడా చెప్తుంది. పోతూ పోతూ మా కుట్టుమిషన్ నూనె డబ్బా అడిగి తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టుకున్నాను. ఎవరిదైతేనేం, అంత గట్టి సన్నివేశం ఎందుకు పోగొట్టుకోవాలి? రాసేవాళ్ళ బుద్ధి అంతే, పీనుగ దగ్గర కూడా మాటలు ఏరుకుంటారు.

ఆ వారంలోనే, మధ్యాహ్నం, అందరం అరుగు మీద ఉన్నాం. స్వప్న ఒక్కతే రాలేదు. నేనింకా చదవడం మొదలుపెట్టలేదు. పక్కింట్లో టీవీ సౌండు ఉన్నట్టుండి పెరిగింది. ఏదో పాట, గోడ అదిరేంత.

అవ్వ చాట కింద పడేసి లేచింది. వెనకే తక్కిన ఇద్దరూ లేచారు. ముందు తలుపు వైపు ఒక్కరూ పోలేదు, అది తాళం వేసి ఉంటుందని ముగ్గురికీ తెలిసినట్టే సందులోంచి వెనక్కి ఉరికారు. నేను వాళ్ళ వెనక ఉరికాను.

మేము పోయేసరికి లోపల నుంచి గడియ చప్పుడు లేకుండా జారింది. తలుపు తెరుచుకొని స్వప్న మా కాళ్ళ మీద పడింది. ముక్కు ఏదో, పెదవి ఏదో తెలియడం లేదు. నోట్లోంచి రక్తంతో పాటు పండ్ల ముక్కలు కారుతున్నాయి. మెడకు తెల్లటి ఛార్జర్ తీగ చర్మంలోకి దిగిపోయి ఉంది. ఆమె వెనకనే గంగాధర్, చేతిలో రోకలి. మమ్మల్ని చూసి కూడా ఆగలేదు. తల మీదికి వేశాడు. స్వప్న చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు టీవీ మోతలో కూడా నాకు వినిపించింది.

రెండో దెబ్బ పడలేదు. నర్సవ్వ పెద్దమ్మ చాట చంకలోనే ఉంది, పారేయలేదు. అందులోని తంబాకు మొత్తం వాడి కళ్ళల్లోకి కొట్టింది. వాడు గుడ్డిగా రోకలి తిప్పాడు, సుగుణ వదిన భుజం మీద తగిలి ఆమె గోడకు పడింది. మా అవ్వ, చీమను కూడా తొక్కకుండా నడిచే మనిషి, ఆకు కత్తిరించే కత్తెర వాడి తొడలో పిడి దాకా దింపింది. బయటికి గుంజి మళ్ళీ దింపింది. వాడు అరుస్తూ కూలబడ్డాడు.

రోకలి నా కాళ్ళ దగ్గరికి దొర్లింది. కొట్టడం ఏ సమస్యకూ జవాబు కాదని మూడు నవలల్లో పిల్లలకు చెప్పినదాన్ని. వాడి మోకాళ్ళు పగలగొట్టాను. వాడు "అమ్మా" అంటున్నా కొట్టాను. అవ్వ వెనక నుంచి వాటేసుకుంటే గాని ఆగలేదు. అబద్ధం ఎందుకు, అప్పుడు నాకు హాయిగా ఉంది. ఇప్పుడు తలుచుకున్నా హాయిగానే ఉంది.

మెడ తీగను అవ్వ అదే కత్తెరతో కత్తిరించింది. అప్పుడు స్వప్నకు ఊపిరాడింది.

దుబాయి నుంచి గంగాధర్ స్నేహితుడెవరో ఫోన్ చేసి ఆమె గురించి ఏదో అన్నాడట. అంతే. అంత మాత్రానికే.

నేను చాలా రకాలుగా సర్దిచెప్పుకున్నాను. వాడి కళ్ళల్లో ఏదో ఈ ఆడవాళ్ళు ముందే పసిగట్టి ఉంటారని, ఆ గుబులే నా గొంతులోంచి విన్నారని. సరే. మరి నలుగురికీ ఒకే తీగ, ఒకే రోకలి ఎట్లా వినిపించాయి? స్వప్నకు తప్ప ఎవరికీ తెలియని గడియ తుప్పు నర్సవ్వ పెద్దమ్మ నోట ఎట్లా వచ్చింది? రాయబట్టే జరిగిందని, నేను రాసిపెట్టుకున్న కాగితాన్ని పెద్దమ్మ పొయ్యిలో పెట్టించింది. రాయకముందే మీరు విన్నారు కదే అంటే వినదు. వాళ్ళు విన్నదాంట్లో ఆమె చచ్చిపోయింది, మా కళ్ళ ముందు బతికింది. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా ఇంత మిషన్ నూనె.

ముందే విన్న ఈ సంగతి పోలీసులకు చెప్పలేదు. చెప్పినా దేని కింద రాసుకుంటారు?

స్వప్న ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది. ఎడమ చేతి వేళ్ళు రెండు వంగవు, బీడీ చుట్టలేదు. ఆ చేత్తో ఆకు ఒత్తిపట్టుకొని కత్తిరించి ఇస్తుంది, అవ్వ చుడుతుంది. పెట్టుడు పండ్లతో నవ్వడం నేర్చుకుంటోంది. గంగాధర్ బెయిలు మీద బయటికొచ్చి కర్ర సాయంతో తిరుగుతున్నాడని విన్నాం. ఇద్దరు పెద్దమనుషులు రాజీ మాటలతో మా అరుగు దాకా వచ్చారు. మొగడన్నంక గట్లనే ఉంటడు అని ఒకాయన మొదలుపెట్టగానే, అవ్వ ఆకు కత్తిరించడం ఆపి ఆయన తొడల వైపు చూసింది. ఆయన టీ కూడా తాగకుండా పోయాడు.

నేను మళ్ళీ రాస్తున్నాను, మళ్ళీ చదువుతున్నాను. చాలా రోజులు కత్తెర్లు మామూలుగానే ఆడాయి. కథ బాగాలేని చోట పెరిగాయి, బాగున్న చోట తగ్గాయి. అంతా మరిచిపోయినట్టే ఉన్నాం.

పోయిన వారం కొత్త నవలలో ఒక భాగం చదివాను. ఒక పిల్ల కబడ్డీ పోటీకి పోవడానికి బస్సు కోసం నిలబడి ఉంటుంది. బస్సు ఆలస్యం. అంతకుమించి ఏమీ లేదు.

ముందు స్వప్న కత్తెర ఆగింది. తర్వాత మిగతావి.

ఈసారి నాకు ఒళ్ళు పొంగలేదు. ఆపితే ఏమవుతుందో, ఆపకపోతే ఏమవుతుందో తెలియక చివరిదాకా చదివాను. చదివి, "ఏం విన్నరు?" అని అడిగాను. ఎవరూ నా ముఖం చూడలేదు. అవ్వ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సెప్పు పెద్దమ్మా, నీ కాళ్ళు మొక్కుత."

"సెప్తె రాస్తవు," అంది నర్సవ్వ పెద్దమ్మ. "అడుగకు బిడ్డా."

రాయనని ఒట్టు వేశాను, ఏడ్చాను, తిట్టాను. చెప్పలేదు. ఇవాళ్టికీ చెప్పలేదు. రికార్డు ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. అందులో ఆ పిల్ల బస్సు కోసం చూస్తూనే ఉంటుంది.

స్వప్న మాత్రం ఆ రోజు కత్తెర చాటలో పెట్టి లేచింది. కుట్టుమిషన్ దగ్గర నూనె డబ్బా తీసుకొని వంటింట్లోకి పోయింది. మా వెనక తలుపు గడియకు, వంగని వేళ్ళతోనే, చుక్కచుక్కగా నూనె పోసింది. ముందుకూ వెనక్కూ జరిపి చూసి, చప్పుడు రాకుండా జారేదాకా పోస్తూనే ఉంది.