ఇసుక కింది పొయ్యి

నా రాత కోడి గీకినట్టు ఉంటుంది. ఒత్తులు కూడా తప్పుతాయి. ఐదో తరగతితోనే బడి మానేశాను. మీరంతా మేడమ్ దగ్గర చదువుకున్నవాళ్లు. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని అడిగారు కాబట్టి, మన్నిస్తారని రాస్తున్నాను.

మేడమ్ పోయారన్న మాట నాకు చేలో తెలిసింది. బిందెతో నీళ్లు తీసుకుని మేడమ్ తవ్వించిన గుంత దగ్గరికి పోతున్నాను. మా ఆయన గట్టు మీద ఫోను చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మేడమ్ లేదంట. పొద్దున నంద్యాలలో, ఇంట్లోనే. గుండె నొప్పంట," అన్నాడు.

"సోమారం వస్తానన్నింది గదా," అన్నాను.

నేను గుంతలోకి దిగి రోజూ మాదిరే దాని మట్టిగోడ మీద నీళ్లు చల్లాను. ఎవరి కోసం చల్లుతున్నానా అనిపించింది. అయినా చెయ్యి ఆగలేదు. బిందె ఖాళీ అయ్యాక గాని ఏడుపు రాలేదు.

మా చేను శిరివెళ్ల దాటి, ఆళ్లగడ్డకు పోయే దారిలో, కుందూ ఏటి ఒడ్డున ఉంది. అన్నదమ్ముల భాగాలు అయ్యాక మామ అక్కడ ఇల్లు కట్టాలనుకున్నాడు. బేతంచెర్ల నుంచి బండలు కూడా దింపించాడు. పునాది తవ్వుతుంటే పాత కుండపెంకులు, బూడిద బయటపడ్డాయి. ఇట్లాంటి పాత జాడలు తవ్వి చూసే మేడమ్‌కు ఎవరో చెబితే, ఆమె నంద్యాల నుంచి బస్సెక్కి వచ్చారు. చేలో పంట లేదు కాబట్టి, తవ్వి చూసుకోమని మామ ఒప్పుకున్నాడు.

గుంతలోకి దిగేముందు ఆమె చెప్పులు విడిచేవారు. ఎందుకని అడగడానికి నాకు నోరు రాలేదు. నా చూపు చూసి ఆమే చెప్పారు: "ఎవురింట్లోకో పోతాండాం గదా మే."

నేను టీ ఇచ్చి వచ్చేసేదాన్ని. ఒకరోజు నా చేతికి చెంబు ఇచ్చారు. "ఇంటి ముందర కల్లాపి చల్లుతావు గదా, ఈ గోడకు అట్ల చల్లు. కారగూడదు, తడవాల."

చల్లాను. ఎండి ఒకే రంగుగా ఉన్న గోడలో వరసలు తేలాయి. పైన మా వరిమడి మట్టి. దాని కింద నల్లరేగడి, అందులో మాడిన జొన్నగింజలు. ఇంకా కింద తెల్లటి ఇసుక, మూరెడు మందం. ఆ ఇసుక కింద బూడిద, పశువుల పేడ కలిసిన మట్టి, మసి పట్టిన రాళ్ల పొయ్యి. పొయ్యిలో బూడిదను బకెట్ నీళ్లలో కలిపితే మాడిన కొర్రలు పైకి తేలాయి.

"నువ్వు చల్లితేనే బాగా కనపడతాంది. మా పిల్లోల్లు చల్లితే గోడంతా కారిపోతాది," అన్నారు. ఆ పిల్లలు మీరే, కోపం తెచ్చుకోకండి. నా చేతిపని బాగుందని నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆఖరుసారి వచ్చినప్పుడు ఆమె గుంత అంచున కూర్చుని, టీ తాగుతూ మామతో మాట్లాడారు.

"ఇసక కింద పొయ్యిలుండాయప్పా. ఇసక పైన ఒక్కటి గూడా లేదు. ఆ తర్వాతి కాలం పెంకులన్నీ మిట్ట మీదనే దొరుకుతాండాయి. ఏరు పొంగొచ్చి ఈ ఇసక పోసినాక ఆ మనుషులు మిట్టకు పోయినారు. మళ్లా దిగొచ్చి సేద్యం చేసినారు గానీ, ఈడ కాపురం పెట్టలేదు."

మామ నవ్వాడు. "ఎప్పుడో సచ్చినోళ్ల మాట ఇని నా ఇల్లు యాడ కట్టాల్నో తేల్చుకోవాల్నా అమ్మా?"

"నా మాట ఎట్లాగూ ఇనవు. వాళ్ల మాటన్నా ఇంటావేమోనని."

"ఏరు ఈడిదాకా వచ్చింది నేను సూడలే."

"వాళ్లు గూడా సూడలేదప్పా, వచ్చిందాకా."

మళ్లీ సోమవారం వచ్చి మాట్లాడతానని లేచారు. గోడ ఆరనియ్యొద్దని నాకు చెప్పి ఆటో ఎక్కారు. అంతే.

ఆమె పోయిన సాయంత్రమే మామ మా ఆయనతో అన్నాడు: "ఆయమ్మ పాయె పాపం. ఇంగ గుంత ఎందుకు? రేపు పూడ్చి పునాది మొదులు పెడదాం."

ఆ ఇంట్లో పడుకోవాల్సింది మా పాప కూడా. రాత్రంతా నాకు ఆ ఇసుకే కళ్లముందు కనపడింది.

పెళ్లయినప్పటినుంచి మామ ఎదుట నేను నోరెత్తింది లేదు. పొద్దున ట్రాక్టర్ చేలోకి దిగింది. "మామా," అన్నాను. "ఒక తూరి దిగి సూడు."

"ఏందీ నీకు?" అన్నాడు మా ఆయన.

నేను మాట్లాడానన్న ఆశ్చర్యానికేనేమో, మామ దిగాడు. చెంబు తీసుకుని చల్లాను. మామ ఇసుకను వేళ్ల మధ్య నలిపి చూశాడు. "కుందూ ఇసకే," అన్నాడు. తర్వాత పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. "మీ అత్త పొయ్యి గూడా ఇంతే ఉంటాది," అని చాలాసేపు అక్కడే ఉన్నాడు.

పైకి వచ్చి, బండలన్నీ మిట్ట మీదికి తోలమన్నాడు.

ఈ మాట మేడమ్‌కు చెప్పాలని ఫోను తీసుకున్నాను. ఆమె పేరు మీద వేలు పెట్టాక గుర్తొచ్చింది. ఆమె లేరన్నది నాకు అప్పుడు మళ్లీ మొదటిసారి తెలిసినట్టయింది.

గుంత పూడ్చేముందు మామ ట్రాక్టర్‌ను ఆపించాడు. ఒక్కడే దిగి, ఏటి ఇసుకను దోసిళ్లతో తెచ్చి, నల్లబడిన ఆ రాళ్లు కదలకుండా మెల్లగా కప్పాడు.

ఊళ్లో అడిగినవాళ్లకు మాత్రం, "మిట్ట మీద గాలి బాగొస్తాదిలే" అని చెబుతున్నాడు. ఆ మాట అట్లాగే ఉండనీయండి. చదివాక ఈ కాగితం కాల్చేయండి.