కట్టేసిన కుడిచెయ్యి

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. మాట రాని మనిషి చేతిని బల్లకు కట్టేశాను.

అరవైల చివర్లో, బొబ్బిలిలో ఒక చిన్న ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే పని నాది. అతను వీణలు చెక్కేవాడు. ముప్పై ఏళ్లుంటాయి. పుట్టు చెవుడు, మూగ. వాచిన ఎడమచేతితో వచ్చాడు. నేను అతని ముఖమైనా చూడకుండా వెంట వచ్చిన అన్నను అడిగాను.

"ఏటయినాది?"

"ఉలి జారి ఏల్లో దిగిపోనాది బాబూ. ఏలు కోసి సీము తీసీండి."

అతను కుడిచేత్తో వేలి నుంచి అరచేతి మధ్యకు గీత గీసి చూపించాడు. మళ్లీ గీశాడు. నా చొక్కా పట్టుకుని గుంజాడు.

"ఏటంతన్నాడు?"

"ఆడికేటి తెలుస్తాది, ఎర్రెదవ! నాను సెప్తన్నాను గదా."

గుంజుతున్న ఆ చేతిని బల్లకోడుకి గుడ్డతో బిగించాను. వేలికి గాటు పెట్టాను. అతను గొంతు చిరిగేలా అరిచి, మోకాలితో నా పొట్టలో పొడిచాడు. చెంప మీద రెండు కొట్టాను. పెదవి చిట్లింది. వేల్లోంచి నెత్తురే వచ్చింది, చీము రాలేదు. అయినా కట్టు కట్టి పంపేశాను.

మూడో రోజు కాలిపోతున్న ఒంటితో మోసుకొచ్చారు. చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. డాక్టరుగారు అరచెయ్యి కోస్తే చీము చిమ్మింది. పట్టకారుకి బొటనవేలంత పొడుగు పనసచెక్క పేడు వచ్చింది, సరిగ్గా అతను గీసిన గీత వెంటే.

"ముందే చెప్పి ఉంటాడే?" అన్నారాయన.

"చెప్పాడండి. నేనే చెయ్యి కట్టేశాను."

చెయ్యి దక్కింది. వేలు మాత్రం వంకరగా బిగుసుకుపోయింది.

గాయం మానాక ఒక ఆదివారం అతను పనిచేసే చోటికి వెళ్లాను. నన్ను చూసి తన చెంప మీద తనే రెండు కొట్టుకున్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు.

"నీ పేరే బాబూ అది. ఆడే ఎట్టీసినాడు," అన్నాడు అన్న తల దించుకుని.

నేల మీది చెక్కపొట్టు మీదే కూర్చున్నాను. మంట ఎలా చూపిస్తాడో, పోటు ఎలాగో, తిమ్మిరి ఎలాగో ఆదివారం ఆదివారం వెళ్లి నేర్చుకున్నాను. నేను తప్పుగా చూపిస్తే నా చెయ్యి విదిలించి కొట్టేవాడు.

తర్వాత మాట రానివాళ్లు ఎవరొచ్చినా, వెంట వచ్చినవాళ్లను వరండాలో కూర్చోబెట్టి, రోగి ముందు నా అరచెయ్యి చాపేవాణ్ణి, గీసి చూపించమని. నాకు అర్థం కాకపోతే ఆ వీణలు చెక్కే అతన్ని పిలిపించేవాణ్ణి. అతను వచ్చి, ముందు నేనెవరినో రోగికి చెప్పేవాడు, చెంప మీద రెండు కొట్టుకుని. అవునని తలూపి, అప్పుడు కట్టు విప్పేవాణ్ణి.