అడుగు అర సీసాలు

1961. రాజపాళయం సర్కారు ఆస్పత్రిలో నేను కంపౌండర్‌ని. మందులు కలపడం, కట్లు కట్టడంతో పాటు స్టోర్ తాళాలూ నా మొలకే వేలాడేవి. మందు పెట్టెల మీద ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది. ఆ తేదీ దాటితే మందును నమ్మకూడదు. నాకది తెలియక కాదు. మా అమ్మ వడ్ల గాదెను అడుగంటా ఊడ్వనిచ్చేది కాదు. పిడికెడైనా మిగలాలి, లేకపోతే ఇంటికి లేమి అనేది. స్టోర్‌లోనూ నేనదే పాటించాను. అడుగు పెట్టె ముట్టకుండా కొత్తవి దాని మీద పేర్చి, పైనుంచి వాడేవాణ్ణి. మందు లేదనే మాట నా నోట రాదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

పత్తి తీసే కాలం. ఒక ఉదయం చోళపురం నుంచి వెంకటసామి అనే రైతు తన భార్య ఎర్రక్కను ఎద్దుల బండిలో తెచ్చాడు. ఆమె కుడి చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది. చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది.

"పత్తి తీస్తా ఉండంగ రక్తపింజరి కరిచింది సామీ. ఎట్లైనా కాపాడండి," అన్నాడు.

డాక్టర్‌గారు యాంటీవెనిన్ తెమ్మన్నారు. అది పాము విషానికి విరుగుడు సూదిమందు. ఫ్రిజ్ పై అరలోవి ముందు వారమే ఇద్దరికి వాడేశాం. అడుగు అర పెట్టె ఉందిగా అని ధీమాగా తలుపు తెరిచి ఎనిమిది సీసాలూ తెచ్చాను. డాక్టర్‌గారు ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూశారు. లోపల విరిగిన పాలలా తెల్లని తునకలు. తేదీ దాటి ఏడు నెలలు.

"ఏందయ్యా ఇది? ఎనిమిదీ ఇట్లే ఉండాయి! ముందు వచ్చింది ముందు వాడలేదా నువ్వు?"

నేను ఖాళీ పెట్టె తిప్పి తేదీ మళ్లీ చూశాను.

"నిలబడి చూస్తావేంది? నా కారులో శ్రీవిల్లిపుత్తూరు పో. అక్కడి ఆస్పత్రికి నేను ఫోన్ చేస్తాను."

వెళ్లేటప్పుడు రోడ్డు ఖాళీ. మందు సీసాలు, ఐసు వేసిన ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకొని తిరిగొస్తుంటే రైలు గేటు పడింది. గూడ్సు బండి కదలదు. దిగి గేటు మనిషిని బతిమాలాను, తిట్టాను కూడా. పాపం, అతనేం చేస్తాడు! ఆమె చనిపోతే చంపింది పాము కాదు, నేనే అనిపించింది.

వార్డులోకి పరుగెత్తేసరికి ఎర్రక్కకు స్పృహ లేదు. వెంకటసామి నన్ను చూసి చేతులు జోడించాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

సాయంత్రానికి రక్తం ఆగింది. ప్రాణం నిలిచింది. కానీ రెండు వేళ్లు కుళ్లిపోయి తీసేయాల్సి వచ్చింది. మందు వెంటనే పడి ఉంటే అవి దక్కేవేమోనని డాక్టర్‌గారు నాతో మాత్రమే అన్నారు.

డిశ్చార్జి రోజు నేనే జరిగిందంతా చెప్పేశాను, మా అమ్మ గాదె సంగతితో సహా. వెంకటసామి మొహం తిప్పుకున్నాడు. ఎర్రక్కే మాట్లాడింది.

"మేమూ పిడికెడు ఉంచుతాము సామీ. కొత్త వడ్లు వచ్చినంక ఆ పాత పిడికెడు తీసి ముందు వండేస్తాము. కొత్తవాట్లో పిడికెడు వదులుతాము. మీ అమ్మ అట్ల చేయలేదా?"

చేసేది. నేను సగమే నేర్చుకున్నాను.

ఆ రోజు నుంచి ప్రతి పెట్టె మీద ఎర్ర పెన్సిల్‌తో తేదీ పెద్దగా రాసి, ముందు ముగిసేదాన్ని ముందుకు జరిపాను. మాకు అక్కర పడదనుకున్నది గడువుండగానే పక్క ఊరి ఆస్పత్రికి పంపేవాణ్ణి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఒప్పుకుంటాను. పైగా కాలినవి నా చేతులు కావు.

పాడైన మందుల రిపోర్టులో ఎనిమిది సీసాలని రాసి సంతకం పెట్టాను. రెండు వేళ్లని రాయడానికి అందులో గడి లేదు.