పసుపు రాసిన పేపరు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు తన ఫోను నా ముఖం ముందు పెట్టి, తాతా ఇది చూడు, అచ్చం నీలాంటోడే, అంది. ఇంగ్లండులో ఎక్కడో ఓ చిన్న ఊరి ఫుట్‌బాల్ టీమట, పేరున్న లీగుల్లో లేదట, కింద నాలుగో మెట్టో ఐదో మెట్టో, ఆ టీములో ఏళ్ల తరబడి డిఫెండరుగా ఆడినవాడు ఆ రోజుతో ఆట మానేస్తున్నాడట. నెత్తిన జుట్టు పల్చబడింది, మోకాలికి కట్టుంది, గ్రౌండు చుట్టూ మెల్లగా నడుస్తూ చప్పట్లు కొడుతున్నాడు, కడ్డీల అవతల నిలబడ్డ కాస్తంత జనం వాడికి తిరిగి కొడుతున్నారు. ఇన్నేళ్లలో ఎన్ని గోల్స్ కొట్టావని ఎవరో మైకు పెట్టి అడిగితే సిగ్గుపడి నవ్వేశాడు పాపం. మనవరాలు కూడా నవ్వి, మరి నువ్వెన్ని కొట్టావు తాతా అని అడిగింది. ఒకటి అన్నాను. అది ఎవరి గోల్లో కొట్టానో మాత్రం చెప్పలేదు.

మన ఈడు వాళ్లకి చెప్పుకోవచ్చు. మేం రంగూన్‌లో తాకేటా అనే పేటలో ఉండేవాళ్లం, ఇప్పటికీ అక్కడే ఉన్నాం అనుకోండి, కాకపోతే అప్పుడు వెదురు తడికల ఇల్లు, వానాకాలం వస్తే గుమ్మం దాకా నీళ్లు. మా తాత సీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రంగూన్ జెట్టీలో మూటలు మోశాడు, మా నాయన అదే జెట్టీలో మోశాడు, ఓ రోజు బియ్యం బస్తా జారి నడుం మీద పడ్డాక ఆయన మళ్లీ నిటారుగా నిలబడింది లేదు. ఆ తరవాత ఇల్లు నడిచింది అమ్మ చేతి మీద. బస్సు ఆగే చోట పప్పు వడలు వేసి అమ్మేది, ఇక్కడ వాటిని బయాజో అంటారని మీకు తెలిసిందే, ఆవిడ చేతి వడ కోసం బర్మా వాళ్లు కూడా బస్సు వదిలేసుకుని నిలబడేవాళ్లు. వడలు పొట్లం కట్టడానికి పాత పేపర్లు దొంతులుగా కొనేది, కానీ అందులో ఒక్క అక్షరం ఆవిడకి రాదు. తెలుగే చదవలేదు, ఇంక బర్మా ఎక్కడ.

నేను జెట్టీ గోదాముల్లో రోజు కూలీగా చేరాను. చిన్నప్పట్నుంచి వీధిలో బర్మా పిల్లలతో పేము బంతి చిన్‌లోన్ ఆడీ ఆడీ కాళ్లు కాస్త మాట వినేవి గనక గోదాముల ఫుట్‌బాల్ టీములోకి తీసుకున్నారు. మాది థర్డ్ డివిజన్ టీము, అంటే దాని కింద ఇంకేం లేదు. ముందు ఆడే వాళ్లంతా బర్మా కుర్రాళ్లు, సన్నగా, చురుగ్గా, పాదరసంలా జారిపోయేవాళ్లు. నన్నూ మా బావనీ, మా అప్ప మొగుణ్ణి లెండి, వెనక నిలబెట్టారు, మీ వాళ్లు గట్టివాళ్లు, మీదికొచ్చినవాణ్ణి ఆపండి చాలు అని. మేమిద్దరం తెలుగులో అరుచుకునేవాళ్లం, ఎదటి టీముకి అర్థం కాదు కదా. ఎనక సూడు, ఎడం పక్క ఎల్లు, ఆడు గుంటనక్క, నమ్మీకు, అంటూ మా బావ గొంతు చించుకుంటే, మా గోలీ బర్మా వాడైనా ఆ నాలుగు ముక్కలూ నేర్చుకుని మామీదే అరిచేవాడు.

వెనక ఆడేవాడి బతుకు చెప్పుకోడానికి ఏముంటుంది. ముందువాడి కాళ్లు చూడకూడదు, కాళ్లు అబద్ధాలాడతాయి, నడుం ఎటు తిరుగుతోందో చూడాలి, అంత వరకే మా విద్య. తొంభై నిమిషాలు ఆపి చివరి నిమిషంలో ఒక్కటి వదిలితే ఆ ఒక్కటే అందరికీ గుర్తుంటుంది. ఆటల పేపర్లో మా డివిజన్ మ్యాచ్ మూలన రెండు మూడు లైన్లు పడేది, అందులో గోలు కొట్టినవాళ్ల పేర్లే వేసేవాళ్లు, ఆపినవాడి పేరు ఎవడికి కావాలి. నాకు దిగులు లేదనుకునేవాణ్ణి, కానీ టీ కొట్టు దగ్గర ఆ పేపరు కనిపిస్తే మాత్రం చూపు ఆ మూలకే పోయేది, మనసు అలాంటిది.

ఇంక అసలు సంగతి. టీములో అందరూ పర్మనెంటు నౌకర్లు, నేనొక్కణ్ణే రోజు కూలీని. పర్మనెంటు అయితే ఒంట్లో బాగోలేని రోజు కూడా ఇల్లు గడుస్తుంది, నాయనకి డిపార్టుమెంటు డాక్టరు మందిస్తాడు, అమ్మ వానలో బస్సుల దగ్గర కూర్చోనక్కర్లేదు. ఆ ఏడు మా గోదాముల అధికారి, అందరం ఆయన్ని పెద్ద సయా అనేవాళ్లం, బర్మాలో సయా అంటే అయ్యగారని, టీము గనక సెకండ్ డివిజన్‌కి వెళ్లిందా నీ పేరు పర్మనెంటు లిస్టులో రాస్తాను అని అందరి ఎదటా మాటిచ్చాడు. అమ్మ ఆ రోజు నుంచి ప్రతి మ్యాచ్‌కీ ఎవరెవరికో మొక్కుకుంది. మాకు ఒక్క మ్యాచ్ మిగిలింది, అది కూడా గెలవక్కర్లేదు, ఓడకుండా ఉంటే చాలు.

చిమిండైంగ్ దగ్గర నది ఒడ్డున గ్రౌండు, జోరు వాన, మోకాళ్ల దాకా బురద. ఎనభై అయిదు నిమిషాల దాకా ఇటూ లేదు అటూ లేదు. మాకు కార్నర్ దొరికింది. ఓడకుంటే చాలని మర్చిపోయి మావాళ్లంతా గెలిచేద్దామని ముందుకురికారు, మా బావతో సహా. నేనొక్కణ్ణే సగం గీత దగ్గర నిలబడ్డాను. వాళ్లు ఆ బంతిని ఒక్క తాపుతో నా నెత్తి మీదుగా దాటించారు, వాళ్ల కుర్రాడు దాని వెంటపడ్డాడు, మా గోలీ ఆత్రంగా బయటికొచ్చి జారి పడ్డాడు, ఆ కుర్రాడు ఖాళీ గోలు వైపు తన్నాడు. నేను పరిగెత్తాను చూడండి, జన్మలో అంత పరుగు మళ్లీ పెట్టలేదు. గీతకి జానెడు దూరంలో అందుకుని కాలు అడ్డం వేశాను, బంతి నా పిక్కకి తగిలి లోపలికి వెళ్లి వలకి అంటుకుంది. వదిలేసుంటే బురదలో ఆగిపోయేదని కొందరన్నారు, ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఆగేదో లేదో ఆ దేవుడికే తెలియాలి. నేను మాత్రం ఆ బురదలోనే కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చి ఓడిపోయాం అన్నాను, ఎలా ఓడామో చెప్పలేదు. నాయన అటు తిరిగి పడుకున్నాడు. మర్నాడు గోదాములో లిస్టు రాసే గుమస్తా, ముందే రాసుంచిన నీ పేరు కొట్టేశాను తమ్ముడూ ఏమనుకోకు, అన్నాడు. ఇంక బూట్లు కాల్వలో పారేద్దామని నిశ్చయించుకుని సాయంత్రం ఇల్లు చేరితే, దేవుడి పటం ముందు ఆటల పేపరు మడతపెట్టి ఉంది. నాలుగు మూలలా పసుపు రాసి ఉంది, పెళ్లి పత్రికకి రాసినట్టు. పక్కింటి బర్మా పెద్దావిడ వడలకొచ్చి, తన చేతిలోని ఆ పొద్దుటి పేపర్లో నా పేరు చూసి చెప్పి, పేపరు ఇచ్చి వెళ్లిందట. నా పేరంటే ఆఫీసులో రాసే బర్మా పేరు, మనందరికీ ఇంట్లో ఒకటి బయట ఒకటి ఉన్న సంగతే కదా. అమ్మ మొహం వెలిగిపోతోంది. నీ పేరు పడిందట గదరా, అంది. నా పేరెందుకు పడిందో నాకు తెలుసు. టీ కొట్టులో పొద్దున్నే చదువుకున్నాను, మూడు లైన్లూ నోటికొచ్చేశాయి. ఆవిడ మొహం చూసి నిజం చెప్పడానికి నోరు రాలేదు, ఆఁ పడిందమ్మా, అని పెరట్లోకి వెళ్లిపోయాను.

ఆ మరుసటి రోజు నేను మూటలు దించుతుంటే మా బావ పరిగెత్తుకొచ్చి, ఒరే, మీ అమ్మ ఆపీసుకొచ్చింది, అన్నాడు. వెళ్లి కిటికీలోంచి చూశాను. పెద్ద సయా బల్ల ముందు అమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది, పండక్కి కట్టే నేత చీర కట్టుకుంది. బల్ల మీద మా ఇంటి ఇత్తడి పళ్లెం, అందులో తమలపాకులు, అరటిపళ్లు, ఆ పసుపు పేపరు. పెద్ద సయా పేపరు విప్పి చదువుతున్నాడు, అమ్మ వచ్చీరాని బజారు బర్మాలో చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. కొడుకు సొంత గోల్లో బంతి కొట్టుకున్న కాగితానికి పసుపు రాసి, పళ్లెంలో పెట్టి, ఇదిగో మావాడి గొప్ప చూడండి ఉద్యోగం ఇవ్వండి అని అధికారి ముందు పెట్టిన తల్లి రంగూన్ మొత్తంలో మా అమ్మ ఒక్కతే అయి ఉంటుంది. ఆఫీసులో గుమస్తాలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నేను మొహం చాటేసి పారిపోయాను.

ఇంటికొచ్చాక అరిచాను. ఆ మాటలు రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాయకపోతే ఇదంతా చెప్పడం దేనికి. నీకు చదువు రాదు, రాకపోతే రాకపోయింది, నోరు మూసుకుని ఇంట్లో కూర్చోవడమైనా రాదా, అందులో ఏం రాసుందో తెలుసా నీకు, నా పరువు తీసుకెళ్లి పళ్లెంలో పెట్టొచ్చావు కదే, అన్నాను. తల్లిని కదే అన్నాను. నాయన లేవలేక లేచి కూర్చున్నాడు. అమ్మ పప్పు కడుగుతోంది, చెయ్యి ఆపలేదు, తలెత్తలేదు. పోన్లేరా నాయనా, నాకేటి తెలుస్తాది, అంది అంతే. ఆ పేపరు తీసి ట్రంకుపెట్టె అడుగున పెట్టేసింది.

వారం తిరిగేసరికి లిస్టులో నా పేరు మళ్లీ ఎక్కింది. పెద్ద సయా ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏమీ ఎరగని ముసలమ్మని చూసి జాలిపడ్డాడు అనుకున్నాను, ఆ జాలి ఉద్యోగం చేస్తున్నానని లోలోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. ఆయన ఆట కూడా మాననివ్వలేదు, రేపట్నుంచి గ్రౌండుకి రా అని కబురంపాడు. ఇంకో పదకొండేళ్లు ఆడాను. మా టీము సెకండ్ డివిజన్ మొహం ఎప్పుడూ చూడలేదు, నా పేరు మళ్లీ పేపర్లో పడలేదు, చివరికి మోకాలు పోయి మానేశాను. ఆ రోజు చప్పట్లు కొట్టినవాడు మా బావ ఒక్కడే, వాడూ గ్రౌండు బయట సోడా తాగుతూ. అమ్మ మాత్రం ఎక్కడికి వెళ్లినా మావోడు బంతాట ఆడతాడు అని చెప్పుకునేది, నేను విసుక్కునేవాణ్ణి. ఆవిడ వానలో బస్సుల దగ్గర కూర్చోవడం మానింది, నాయన ఆఖరి రోజులు నొప్పి లేకుండా గడిచాయి. తరవాత అమ్మ కూడా వెళ్లిపోయింది.

ఆవిడ పోయిన ఏడాదికి అనుకుంటాను, రంగూన్‌లోనే లత అనే పేటలో ఓ టీ కొట్టులో పెద్ద సయా కనిపించాడు. అప్పటికి రిటైరై చాలా కాలమైంది, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. పక్కన కూర్చోబెట్టుకుని మీ అమ్మ ఎలా ఉందని అడిగాడు. చెప్పాను. కర్ర బల్లకి ఆనించాడు. నేనే ఉండబట్టలేక, ఆ రోజు మా అమ్మ తెలీక చేసిన పనికి మీరు నవ్వకుండా కూర్చున్నారు సయా, అది మర్చిపోలేను, అన్నాను. ఆయన నా వైపు వింతగా చూశాడు. తెలీక ఏమిటి, అన్నాడు. ఆవిడ కూర్చోగానే చెప్పిన మొదటి మాట అదేనట. పక్కింటావిడ చేత రెండు సార్లు చదివించుకున్నాను బాబూ, బంతి మావాడి కాలికి తగిలే లోపలికి పోయిందని రాసుంది, నాకు తెలుసు. మిగతా వాళ్లంతా ముందుకెళ్లిపోయారని, మావాడొక్కడే సగం గ్రౌండు పరిగెత్తుకొచ్చాడని కూడా అందులోనే రాసుంది, అది కూడా చదవండి. రేపు మీ గోదాములో ఏదైనా కూలితే నిలబడి చూసేవాడు కావాలా మీకు, మీద పడుతుందని తెలిసీ పరిగెత్తేవాడు కావాలా. ఇంతా వచ్చీరాని బర్మాలో చెప్పిందట. మరి ఈ పసుపెందుకమ్మా అని ఆయన అడిగితే, పిల్లాడి పేరు మొదటిసారి అచ్చులో పడింది, మంచికో చెడ్డకో పడింది, తల్లిని నేను పసుపు రాయకపోతే ఎవరు రాస్తారు అందట. లేచి వెళ్లబోతూ ఇంకో మాట కూడా అందట. నాకు తెలుసన్న సంగతి వాడికి చెప్పకండి బాబూ, నా ముందు తలెత్తుకోలేడు.

ఆ టీ కొట్టులో, అంతమంది మధ్య, అంత వయసొచ్చినవాణ్ణి, ఏడ్చాను. పెద్ద సయా తన కప్పు నా వైపు జరిపి వీధి కేసి చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో చదువు రానివాళ్లు లేరు. మనవరాలు మూడు భాషలు చదువుతుంది, తెలుగు మాట్లాడ్డమే కాస్త తడబడుతుంది. ఎవరికి ఏమైనా నిమిషంలో అందరి ఫోన్లలోకి వచ్చేస్తుంది, నా రక్తపరీక్ష కాగితం నాకంటే ముందు వాళ్లే చదివేసి, తాతా నీకు షుగరుంది అని గట్టిగా చెబుతారు. ప్రేమ లేదనను, బోలెడుంది. తెలిసింది దాచుకుని, తిట్లు తిని, తెలియనట్టు తిరగడం మాత్రం ఇప్పుడెవరికీ పట్టదు, ఆ అవసరమూ పడదు. మా అమ్మ అలా పదహారేళ్లు తిరిగింది, అదే ఇంట్లో, నా ఎదుట, నేను ఏమీ తెలియదనుకున్న మనిషి. ఒక్క పూట బతికొస్తే చాలు, ఆ పప్పు కడిగే పళ్లెం పక్కన కూర్చుని, నాకు తెలిసిపోయిందే అమ్మా అని చెప్పుకుందును.